నాలుగు గోడలు లేని జువాఖానా

మన దిక్కు జూదానికి పేర్ల కరువు లేదు. పేకముక్కల్ని పత్తాలంటాం. మూడు ముక్కలతో ఆడితే తీన్ పత్తీ. ముక్క లోపల పడుతుందా బయట పడుతుందా అని పైసలు పెడితే అందర్ బాహర్. నంబర్ మీద పెడితే మట్కా. మాటమీద పెడితే షర్తు. అన్నిటికీ కలిపి జువా. ఇప్పుడు ఈ ఫెహ్రిస్తులో ఇంకో పేరు చేరింది: యాప్. "వాడు యాప్‌ల పడ్డడు" అంటే చాలు, సిద్దిపేటలో అర్థం కానివాళ్లు లేరు. ఏ యాప్ అని కూడా ఎవరూ అడగరు.

ఈ మాట వచ్చినప్పుడల్లా ఒక జవాబు తయారుగా ఉంటుంది. "జూదం పాండవుల కాలం నుంచీ ఉన్నదే కద భాయ్, కొత్తేముంది?" అంటారు. సవాల్ సరైనదే. దానికి జవాబు వెతకాలంటే కొంచెం తారీఖ్ తిరగేయాలి. తిరగేస్తే తేలేది ఇది: జూదం పాతదే, నిజం. కాని పాత జూదం చుట్టూ ఎప్పుడూ గోడలుండేవి. ఒక జాగా, ఒక వేళ, ఒక జేబు, నలుగురు గవాహులు. మన కళ్లముందు, గట్టిగా పదేళ్లలో, ఆ గోడలు ఒక్కొక్కటే కూలిపోయాయి.

పాత కితాబుల సాక్ష్యం

ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం మొత్తం ఒక జూదరి గోడు. దాన్ని అక్ష సూక్తం అంటారు. భార్య దూరమైంది, అత్త ఈసడించుకుంటోంది, కన్నవాళ్లే "వీడెవడో మాకు తెలియదు" అంటున్నారు, అప్పులవాడు చీకటి పడ్డాక పైసల కోసం పరాయి ఇళ్ల వైపు నడుస్తున్నాడు. వేల ఏళ్ల కిందటి మనిషి. అతని హాలత్ చదివితే నిన్న మన బస్టాండు దగ్గర కలిసినవాడిలాగే ఉంటాడు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదం కోసం ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నాడు, ద్యూతాధ్యక్షుడు. ఆట అంతా ఒకే చోట జరగాలి. వేరే చోట ఆడితే 12 పణాల జుర్మానా. గెలిచినదాంట్లో నూటికి 5 వంతులు సర్కారుకు. ఈ బందోబస్తు వెనుక దయాధర్మం ఏమీ లేదు. ఒకచోట ఆడితే దొంగలు, మోసగాళ్లు దొరుకుతారని, ఖజానాకు ఇంత వస్తుందని. అయినా ఒక ఫాయిదా ఉంది. జూదానికి ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక దర్వాజా, దర్వాజా దగ్గర ఒక మనిషి ఉండేవాడు.

శూద్రకుడి మృచ్ఛకటికం రెండో అంకంలో సంవాహకుడనే జూదరి వస్తాడు. జువాఖానా నడిపే మాథురుడికి పది సువర్ణాలు బాకీ. వాళ్లు వెంటపడితే పరుగెత్తి ఒక పాడుబడ్డ గుడిలో దూరి విగ్రహంలా నిలబడతాడు. చివరికి వసంతసేన తన చేతి కడియం ఇచ్చి అతని కర్జా తీరుస్తుంది. నాటకంలో అది హాస్యమే. కాని వసూలు చేసేవాడు ఎంత కర్కశుడైనా కాళ్లమీద వెంటపడాల్సిందే. ఉరికేవాడికి గుడి దొరికింది. ఈ మాట యాదిలో పెట్టుకోండి, లోన్ యాప్ దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

అరబ్ దేశంలో జాహిలియా జమానాలో మైసిర్ అనే ఆట ఉండేది. ఒంటెను జిబహ్ చేసి వాటాలు పెట్టి, సంచిలోంచి బాణాలు తీసి ఎవరికేది అని తేల్చేవాళ్లు. ఓడినవాళ్లు ఒంటె ఖరీదు కట్టేవాళ్లు. గెలిచినవాళ్లు ఆ మాంసం గరీబులకు పంచడం కూడా రివాజే. పైకి ఖైరాత్‌లా కనబడే ఈ ఆటను కూడా ఇస్లాం శరాబుతో పాటు నిలబెట్టి హరామ్ చేసింది. ఫాయిదా కొంత ఉన్నా లుక్సాన్ పెద్దదనీ, మనుషుల నడుమ దుష్మనీ పెంచుతుందనీ దానికి చెప్పిన సబబు. మైసిర్ అనే లఫ్జ్ 'యుస్ర్' నుంచి వచ్చిందని ఆలిములు చెబుతారు. యుస్ర్ అంటే సులువు, ఆసాన్. మెహనత్ లేకుండా చేతికొచ్చే సొమ్ము. ఈరోజు యాప్‌ల ఇష్తెహార్లన్నీ అమ్మేది ఈ ఒక్క లఫ్జ్‌నే.

గాలిబ్ ఇంటి మీద దాడి

ఉర్దూ చదువుకున్న మాకు జువా మాట రాగానే మీర్జా గాలిబ్ గుర్తొస్తాడు. 1847లో ఢిల్లీలో తన ఇంట్లోనే జువా ఆడిస్తున్నాడని కొత్వాల్ పట్టుకున్నాడు. ఆరు నెలల ఖైదు పడింది, మూడు నెలలకు విడుదలయ్యాడు. అప్పటికే షహర్‌లో పేరున్న షాయర్. పింఛను కోసం కచేరీల చుట్టూ తిరిగినవాడు, మహాజనుల దగ్గర కర్జాల్లో మునిగినవాడు.

ఖైదు కన్నా అతన్ని కుంగదీసింది బద్‌నామీ. రోజూ మెహ్‌ఫిల్‌లో పక్కన కూర్చున్నవాళ్లు ముఖం చాటేశారు. నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా మాత్రం పక్కన నిలబడ్డాడు. జైల్లో గాలిబ్ ఫార్సీలో రాసిన హబ్సియా నజ్మ్‌లో షేఫ్తా పట్ల ఆ ఎహసాన్ కనబడుతుంది.

గాలిబ్ తప్పు చేయలేదని నేనను. ఆ ఖిస్సాలో రెండు సంగతులు చూడాలి. ఒకటి, కొత్వాల్‌కు దాడి చేయడానికి ఒక ఇల్లు దొరికింది. రెండు, అంతా అయిపోయాక మనిషిని నిలబెట్టింది ఒక్క దోస్తు.

1305 ఫస్లీ

ఇక మన రియాసత్‌కు వద్దాం. బ్రిటిష్ ఇలాఖాలో 1867లోనే పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం వచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించదు. ఇక్కడ మీర్ మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1305 ఫస్లీలో, అంటే 1895-96 ప్రాంతంలో, హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం చేశారు. అదే మహబూబ్ అలీ పాషా జమానాలో, 1886లో, గుర్రపు పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. అమీర్లకు రేస్‌కోర్సు, గల్లీలో పత్తాలాడేవాడికి ఖానూన్. ఈ రెండు తరాజులు ఆ కాలంతోనే పోయాయని అనుకోకండి.

ఈ చట్టాలన్నిటికీ ఒకటే నజర్. అవి జూదరిని కాక, ముందు ఇంటిని చూస్తాయి. కామన్ గేమింగ్ హౌస్ అని ఒక మాట. ఇల్లు ఎవరిది, ఆడించేవాడెవడు, పత్తాలూ పాచికలూ దొరికాయా, చాప మీద పైసలున్నాయా? పోలీసు లోపలికి పోయేసరికి నలుగురు కూర్చుని ఉండాలి. పంచనామా రాయడానికి పంచులు కావాలి. మా విలేకరుల వార్త కూడా అట్లాగే ఉండేది: ఫలానా తోటలో పేకాట స్థావరంపై దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు స్వాధీనం. ఆ వార్తలో మొదట మారింది సెల్‌ఫోన్ అనే మాట. స్వాధీనం చేసుకునే వస్తువుల ఫెహ్రిస్తులో చివర ఉండేది, ఇప్పుడు అదే జువాఖానా.

సికింద్రాబాద్ నుంచి సుప్రీంకోర్టు దాకా

1963 మేలో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నవాళ్లు దొరికారు. 1305 ఫస్లీ చట్టం కిందే కేసు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ అని లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. 1968 రిపోర్టుల్లో వచ్చిన ఆ ఫైసలా రాసింది జస్టిస్ హిదాయతుల్లా.

ఫైసలా సారం ఇది. మూడు ముక్కలాట పూర్తిగా కిస్మత్ మీద నడుస్తుంది. రమ్మీ అట్లా కాదు. పడిన ముక్కలు యాది పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి. కాబట్టి అందులో హునర్ ఎక్కువ. క్లబ్బు గెలిచింది. అర్ధ శతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు, ఫ్యాంటసీ క్రికెట్ కంపెనీలు కోర్టుల్లో నిలబడింది ఈ హునర్ అనే మాట మీదే.

కాని అదే ఫైసలాలో ఇంకో మాట ఉంది. రమ్మీ అయినా సరే, పందెం పెట్టి ఆడే ఆట మీద ఇంటి యజమాని లాభం తీస్తున్నాడని సాక్ష్యం ఉంటే అప్పుడు నేరమే అవుతుందని కోర్టు చెప్పింది. ఇష్తెహార్లలో మొదటి సగమే మోగింది. రెండో సగం ఎవరికీ వినబడలేదు. ఆటగాళ్లు గెలిచినా ఓడినా ప్రతి ఆటలో తన వాటా తీసుకునే ఇంటి యజమాని కాక యాప్ ఇంకెవరు?

మట్కా చిట్టీ

మా బచ్‌పన్‌లో ఊళ్లలో మట్కా గురించి గుసగుసగా మాట్లాడుకునేవాళ్లు. దాని పుట్టుక దూరాన ఉంది. న్యూయార్క్ పత్తి ఎక్స్చేంజి నుంచి బొంబాయికి రోజూ వచ్చే ఓపెనింగ్, క్లోజింగ్ ధరల మీద సట్టా ఆడేవాళ్లు. 1961 ప్రాంతంలో ఆ ధరలు రావడం ఆగిపోయింది. అప్పుడు ధరలకు బదులు కుండలోంచి చిట్టీలు తీయడం షురూ చేశారు. కుండ అంటే మట్కా, అదే పేరైంది. 1962లో కళ్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ బొంబాయిలో మొదలుపెట్టిన మట్కాలు దేశమంతా పాకాయి. పత్తి పోయినా ఓపెన్, క్లోజ్ అనే మాటలు మిగిలాయి.

మట్కా ఎన్నో ఇళ్లు బర్బాద్ చేసింది. కాని దాని నడక చూడండి. చిట్టీ రాసేవాడి దగ్గరికి కాళ్లతో నడిచిపోవాలి. నోటు చేతిలోంచి ఇవ్వాలి. నంబరు వచ్చేదాకా ఆగాలి. రోజుకు ఒకటో రెండో సార్లు. రాసేవాడు ఊరివాడే, కాబట్టి నాలుగు రోజుల్లో ఆ ఖబర్ ఇంటికి చేరేది. అమ్మీ తిట్టేది, నాన్న కొట్టేవాడు, ఖర్చులకు పైసలు బంద్ అయ్యేవి. జేబు ఖాళీ అయితే ఆట ఖతం. ఇది జూదాన్ని మెచ్చుకోవడం కాదు. ఆ రోగానికి అప్పట్లో కొన్ని అడ్డుగోడలున్నాయని చెప్పడం.

2016 తర్వాత

2016 మనకు పెద్ద ఏడాది. అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయింది. అదే ఏడాది యూపీఐ వచ్చింది, సెప్టెంబరులో జియోతో డేటా చవకైంది. ఈ రెండూ మంచివే. కూరగాయల బండి భాయ్ నుంచి కలెక్టరేట్ దాకా అందరికీ పని సులువైంది. కాని ఈ రెండూ కలిసి జువాఖానా గోడల్లో రెండింటిని పడగొట్టాయి. జాగా పోయింది, నోటు బరువు పోయింది. చేతిలోంచి 500 నోటు పోతే మనసుకు తగులుతుంది. తెర మీద నాలుగు అంకెలు నొక్కితే తగలదు.

తెలంగాణ సర్కారు ఈ ప్రమాదాన్ని తొందరగానే గుర్తించింది. 1974 నాటి గేమింగ్ చట్టానికి 2017లో ఆర్డినెన్సులతో, తర్వాత చట్టంతో సవరణ చేసి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీతో సహా బంద్ పెట్టింది. కామన్ గేమింగ్ హౌస్ అనే పాత మాటలోకి సైబర్ స్పేస్‌ను కూడా చేర్చారు. నిజాం కాలపు ఇంటికి ఆస్మాన్‌ను అతికించినట్టు. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారిలో నడిచింది. కాని జూదం మీద ఖానూన్ చేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది, యాప్‌కేమో రాష్ట్రం సరిహద్దు లేదు. ఫోన్‌లో లొకేషన్ మార్చే ఇంకో యాప్ వేసుకుంటే పని అయిపోతుంది. సర్వర్ ఏ దేశంలో ఉందో ఆడేవాడికీ తెలియదు, పట్టేవాడికీ తెలియదు.

2020 లాక్‌డౌన్‌లో మిగిలిన గోడ, అంటే వేళ, అది కూడా పోయింది. కాలేజీ లేదు, నౌకరీ లేదు, చేతిలో ఫోనుంది. ఆ ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు కలర్ ప్రిడిక్షన్ గ్యాంగును పట్టుకున్నారు. ఎరుపా ఆకుపచ్చా అని చెప్పే పిల్లలాట. దాని ఖాతాల్లో వెయ్యి కోట్లకు పైగా లావాదేవీలు తేలాయి. ఒక చైనా దేశస్థుడు కూడా అరెస్టయ్యాడు.

అదే ఏడాది డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులు బయటపడ్డాయి. అందులో మన జిల్లాలో పోయిన ఒక యువ ఉద్యోగిని ప్రాణం రాష్ట్రమంతా కలవరం పుట్టించింది. దాని తర్వాతే కేసులు, అరెస్టులు. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు వర్కింగ్ గ్రూప్ వేసింది, 2022లో డిజిటల్ రుణాలకు ఖాయిదాలు వచ్చాయి. మొబైల్ జువా, మొబైల్ కర్జా రెండూ ఒకే తెర మీదికి వచ్చిన కాలం అది. దాంతో ఆఖరి గోడ కూలింది. పాత జూదరికి జేబు ఖాళీ అయితే ఆట ఆగేది. ఇప్పుడు జేబు ఖాళీ కాగానే నింపేవాడు అదే ఫోన్‌లో కాచుకుని ఉన్నాడు. సంవాహకుడు గుడిలో దాక్కున్నాడు. లోన్ యాప్ తీసుకున్నవాడు ఎక్కడ దాక్కుంటాడు? అతని ఫోటోలు, అతని దోస్తుల నంబర్లు అన్నీ ముందే తీసుకుని పెట్టుకున్నారు.

కొంచెం హిసాబ్

నౌజవాన్లతో మాట్లాడేటప్పుడు హరామ్, పాపం అంటే తల వంచుకుని వింటారు, బయటికిపోయి మళ్లీ ఫోన్ తీస్తారు. హిసాబ్ చెబితే కొంచెం ఆగుతారు. అందుకే ఇక్కడ మూడు లెక్కలు.

మొదటిది. రెండు టీములూ సమానమనుకోండి. రెంటి మీదా రేటు 1.90 ఇస్తున్నాడు. 100 పెట్టి గెలిస్తే 190 వస్తుంది, ఓడితే పోతుంది. సగం సార్లు గెలిచినా 100కు చేతికి తిరిగొచ్చేది సగటున 95. ఆ 5 ఇంటి యజమానిది. కౌటిల్యుడి కాలపు సర్కారు వాటా కూడా ఇంతే. తేడా ఒక్కటే, ఇది ప్రతి పందెం మీదా పోతుంది. రోజుకు 500 చొప్పున పది పందేలు వేస్తే తిప్పిన సొమ్ము 5,000. అందులో సగటున పోయేది 250. నెలకు 7,500. షాపులో 12,000 జీతానికి నిలబడే పిల్లవాడి సంగతి మీరే చూసుకోండి. ఇది నిజాయితీగా నడిపే ఆట లెక్క. దగా యాప్‌లో సగటు కూడా ఉండదు.

రెండోది. "ఓడినప్పుడల్లా డబుల్ పెట్టు, ఒక్కసారి గెలిస్తే అన్నీ వచ్చేస్తాయి" అని టెలిగ్రామ్ ఉస్తాదులు చెబుతారు. 100తో షురూ చేయండి. 200, 400, 800, 1,600, 3,200, 6,400. వరుసగా ఏడుసార్లు ఓడితే పోయింది 12,700. ఎనిమిదోసారి 12,800 పెట్టాలి, గెలిస్తే మిగిలేది 100. ఏడుసార్లు వరుసగా ఎందుకు ఓడతామంటారు. బొమ్మా బొరుసు ఆటలో అటువంటి వరుస సగటున 254 ఆటలకోసారి వస్తుంది. మట్కాలో రోజుకు రెండు ఆటలు, అంటే నాలుగు నెలలు పట్టేది. నిమిషానికో ఆట పెట్టే యాప్‌లో నాలుగైదు గంటల్లో వచ్చేస్తుంది.

మూడోది లోన్ యాప్. 5,000 మంజూరైందంటాడు. ఫీజులు కోసి చేతికి 3,500 వేస్తాడు. ఏడు రోజుల్లో 5,000 కట్టమంటాడు. 3,500 మీద వారానికి 1,500 సూద్, అంటే వారానికే 40 శాతం దాటింది. మన దగ్గర బంగారం గిర్వీ పెట్టుకునే సేటు నూటికి నెలకు రెండో మూడో రూపాయలు తీసుకుంటే జాలిమ్ అని తిట్టుకునేవాళ్లం.

ఇంకో ఉచ్చు ఉంది, అది లెక్కకు రాదు. "నీ బ్యాంక్ ఖాతా కిరాయికివ్వు, కమీషన్ ఇస్తాం" అంటారు. యాప్‌వాళ్ల సొమ్ము తిరిగేది ఇట్లాంటి గరీబు పిల్లల ఖాతాల్లోనే. తర్వాత కేసు ఎవరి పేరు మీద ఖాతా ఉందో వాళ్ల మీద పడుతుంది.

దిమాగ్ సంగతి

"బుద్ధి లేక ఆడుతున్నాడు" అనడం సులువు. వైద్యులు అట్లా అనడం ఎప్పుడో మానేశారు. అమెరికా మానసిక వైద్యులు 1980లోనే దీన్ని రోగాల జాబితాలో చేర్చారు. 2013లో దీన్ని శరాబు, మత్తుమందుల వ్యసనాల సరసన పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ 2022 నుంచి అమల్లో ఉంది, అందులోనూ గ్యాంబ్లింగ్ డిజార్డర్ ఉంది. 2024లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ కమిషన్ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 8 కోట్ల మంది పెద్దవాళ్లు ఈ ఇబ్బందిలో ఉన్నారు. ఆన్‌లైన్ కాసినో ఆడే టీనేజర్లలో నాలుగో వంతుకు పైగా దీని బారిన పడవచ్చని అదే కమిషన్ చెప్పింది.

దీని మర్మం చాలా సాదా. ప్రతిసారీ గెలిచే ఆట బోర్ కొడుతుంది, ఎప్పుడూ ఓడే ఆటను వదిలేస్తాం. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆటను వదల్లేం. పావురాల మీద, ఎలుకల మీద స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది. దానికి తోడు, కొంచెంలో తప్పిపోయిన గెలుపు. ఒక్క రన్నుతో పోయింది, ఒక్క అంకెతో పోయింది. హిసాబ్ ప్రకారం అది ఓటమే. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో దిమాగ్ దాన్ని సగం గెలుపులాగా తీసుకుంటుందని స్కానింగ్‌లో కనబడింది. అందుకే ఓడినవాడు లేవడు, పోయినవి రాబట్టుకోవాలని ఇంకా కూర్చుంటాడు.

తర్వాత వచ్చేవి ఇంట్లోవాళ్లకు కనబడేవే. రాత్రంతా నిద్ర లేదు. ఊరికే చిరాకు. ఫోన్ బోర్లా పెట్టడం. రోజుకో అబద్ధం. సెల్ చోరీ అయిందనడం, ఫీజు కట్టాలనడం. చెల్లె పెళ్లికి దాచిన బంగారం గిర్వీ కొట్టుకు చేరడం. గల్ఫ్‌లో అబ్బా ఎండలో నిలబడి పంపినవి, అమ్మ బీడీలు చుట్టి చిట్టీలో వేసినవి ఒక రాత్రిలో మాయమవడం.

ఒక టైలర్ పెద్దాయన నాతో అన్నమాట చెబుతా. కొడుకు చేసిన అప్పుకు ఇంటి జాగా అమ్ముకున్న మనిషి. "భాయ్‌సాబ్, తాగొస్తే వాసనొస్తది. పత్తాలాడితే తెల్లార్లు ఇంటికి రాడు, ఎర్కైతది. వీడు నా పక్కనే పండుకొని, దుప్పటి కప్పుకొని, ఇల్లు పోగొట్టిండు. నాకెట్ల ఎర్కయేది?" దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. పాత గోడల్లో నాలుగోది, గవాహులు. అది పోవడమంటే ఇదే.

2023 డిసెంబరులో మన జిల్లాలోనే ఒక ఇల్లు మొత్తం ఆరిపోయింది. ఇంటి పెద్ద అప్పుల గురించి, ఆన్‌లైన్ ఆటల గురించి పేపర్లన్నీ రాశాయి. పేర్లు, వివరాలు మళ్లీ రాయను. మిగిలినవాళ్లు మన మధ్యే బతుకుతున్నారు. అంత దూరం పోయేదాకా ఎవరికీ ఎందుకు చెప్పుకోలేకపోతున్నారన్నదే నా సవాల్. జవాబు ఇజ్జత్. పైసలు పోయాయన్న బాధ కన్నా నలుగురికీ తెలుస్తుందన్న ఖౌఫ్ పెద్దది. ఆ ఖౌఫ్‌తో దాస్తారు, దాచడానికి ఇంకో కర్జా చేస్తారు.

హుకూమత్ రెండు మనసులు

కౌటిల్యుడి కాలం నుంచీ హుకూమత్‌కు జూదం మీద రెండు మనసులు. ఒకటి బంద్ చేయాలంటుంది, ఒకటి వాటా తీసుకోవాలంటుంది. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సరే ఒక ఫ్యాంటసీ క్రికెట్ కంపెనీ. మన రాష్ట్రంలో బంద్ ఉన్న వ్యాపారం పేరు రాత్రంతా మన టీవీల్లో మోగింది. 2023 అక్టోబర్ 1 నుంచి ఆన్‌లైన్ గేమింగ్ మీద 28 శాతం జీఎస్టీ వేశారు.

2025 మొదట్లో అప్పటి ఆర్టీసీ ఎండీ వీసీ సజ్జనార్ సోషల్ మీడియాలో బెట్టింగ్ యాప్‌ల మీద గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మార్చిలో హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమా వాళ్ల మీద ఇష్తెహార్లు చేసినందుకు కేసులు నమోదయ్యాయి. మార్చి 26న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో సిట్ వేస్తున్నట్టు ప్రకటించారు. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పాస్ చేసింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది. 45 కోట్ల మంది మీద ఈ ఆటల ప్రభావం పడిందని, 20 వేల కోట్లకు పైగా పోగొట్టుకున్నారని కేంద్రం అప్పుడు చెప్పిన అంచనా. పైసలు పెట్టి ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా ఖైదు, కోటి దాకా జుర్మానా. ఇష్తెహార్ చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. హునరా కిస్మతా అన్న పాత బహస్‌ను ఈ చట్టం పక్కన పెట్టింది, రెంటినీ బంద్ అంది.

ఇది మంచి అడుగే. ఐనా బాహర్ దేశాల యాప్‌లు రోజుకో పేరు మార్చుకుని వాట్సాప్ లింకుగా వస్తూనే ఉన్నాయి. ఖానూన్ మొత్తం పని చేస్తుందని ఇంట్లో కూర్చోలేం. బ్రిటన్‌లో జూదం చట్టబద్ధం. అక్కడ కూడా 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడటం బంద్ పెట్టారు. జూదాన్ని ఒప్పుకున్న దేశం కూడా కర్జాతో జూదాన్ని ఒప్పుకోలేదు. కూలిన గోడల్లో ముందు ఏది కట్టాలో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇంట్లో ఏం చేయాలి

గోడలు పోయాయి కాబట్టి కొన్ని మనమే కట్టుకోవాలి. బిడ్డ నోరు విప్పిన రోజు కొట్టకండి, నలుగురిలో నిలదీయకండి. ఆ రోజు మాట ఆగితే మళ్లీ రాదు. కూర్చోబెట్టి ఒక కాగితం మీద మొత్తం హిసాబ్ రాయించండి. ఎవరికెంత, ఏ యాప్‌కెంత, ఏది గిర్వీలో ఉంది. సగం చెప్పి సగం దాస్తారు, రెండు మూడు రోజులు ఓపిక పట్టి మళ్లీ అడగండి. ఒక లోన్ యాప్ తీర్చడానికి ఇంకో లోన్ యాప్ తీయనివ్వకండి. అప్పు మొత్తం ఒక్కసారిగా కట్టి "ఇక బంద్ చెయ్" అని వదిలేయకండి కూడా. రోగం అట్లాగే ఉంటుంది, చేతిలో పైసలు మళ్లీ ఆడతాయి. జీతం ఖాతా, యూపీఐ కొన్ని నెలలు ఇంట్లో ఇంకొకరి జిమ్మాలో ఉంచండి. అది సజా కాదని, పరహేజ్ అని చెప్పండి. షుగర్ ఉన్నవాడి ముందు మిఠాయి పెట్టం కదా.

వేధింపులు, మోసం ఉంటే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు. జల్దీ చేస్తే పైసలు ఆపే అవకాశం ఉంటుంది. మనసు కుంగితే, బతకబుద్ధి కావడం లేదని ఎవరైనా అంటే 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో మొదలైంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. కేంద్రం కొత్త చట్టంలో ఆడినవాడికి సజా లేదు, బాధితుడిగానే చూశారు. మన రాష్ట్ర పాత చట్టంలో ఆడినవాడికీ సజా ఉంది. కాని ఆ భయంతో నోరు మూసుకుంటే బాగుపడేది యాప్‌వాడే.

మసీదు కమిటీలు, కుల సంఘాలు, మహిళా సంఘాలు, కాలేజీల్లో సార్లు, మేడమ్‌లు ఈ మాట ఎత్తాలి. జుమ్మా రోజు పది నిమిషాలు, సంఘం మీటింగులో పది నిమిషాలు. హరామ్ అని చెప్పండి, తప్పు లేదు. వెంటనే ఆ 254 లెక్క కూడా చెప్పండి. చివర్లో, "ఎవరైనా ఇరుక్కుంటే నా దగ్గరికి రండి, ఎవరికీ చెప్పను" అని ఒక పెద్దమనిషి తన నంబరు ఇవ్వాలి. గాలిబ్‌కు ఢిల్లీ మొత్తంలో ఒక్క షేఫ్తా దొరికాడు. సిద్దిపేటలో మొహల్లాకు ఒకరు దొరకాలి.